ఇంటి దగ్గర క్షయ వైద్యం: జనం దేనికి జంకుతున్నారు?

మిరప సీజన్లో గుంటూరు శివారు నల్లపాడు చుట్టుపక్కల దగ్గని మనిషి కనబడటం అరుదు. గుంటూరు మిర్చి యార్డుకు చేరే టిక్కీలు (బస్తాలు), కోల్డ్ స్టోరేజీల ముందు బారులు తీరిన లారీలు, పొద్దున్నుంచి చీకటిపడేదాకా కూర్చుని తొడిమలు తీసే ఆడకూలీలు, వీటన్నిటి మీదుగా వచ్చే గాలిలోనే ఘాటు ఉంటుంది. అందుకే ఇక్కడ దగ్గును జబ్బు కింద లెక్కవేయరు. పనితోపాటు వచ్చింది, సీజను అయిపోతే అదే పోతుందిలే అనుకుంటారు. పోకపోతే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒక సీసా టానిక్కు, రెండు ఇంజెక్షన్లు. అప్పటికీ తగ్గకపోతే గుంటూరు వెళ్లి ఎక్స్‌రే తీయించుకోవడం. ఈలోగా మనిషి సగమై పోతాడు. సాయంత్రం పూట వచ్చే జ్వరాన్ని కూలిపని అలసట అనుకుంటారు. కళ్లె పరీక్ష చేసి క్షయ అని తేల్చేసరికి నెలలు గడిచిపోతాయి.

తేలిన తర్వాత మొదలయ్యే తర్జనభర్జనల గురించే ఈ వ్యాసం. ఆసుపత్రిలో చేర్చుకోరు. ఆరు నెలలు వాడాలని చెప్పి, మాత్రలిచ్చి ఇంటికి పంపుతారు. ఇంట్లో చూస్తే ఒకటే గది, చిన్నపిల్లలు, గోడ అవతల ఇంకో కుటుంబం. "ఇంత పెద్ద జబ్బుకి మంచం కూడా ఇవ్వరా?" అంటారు బంధువులు. "ఇంట్లో పెట్టుకుంటే మనందరికీ అంటుకోదూ?" అంటారు ఇరుగుపొరుగు. రోగి నోరు తెరిచి అనకపోయినా మనసులో ఉండేది ఇంకోటి: "నలుగురికీ తెలియకుండా ఈ మందులు తెచ్చుకునే దారేదన్నా ఉందా?"

ఈ మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలు. ఆరోగ్యశాఖ నివేదికల్లో, పత్రికల్లో వీటిని కలిపేసి "ప్రజల్లో అవగాహన లేదు" అనే ఒక్క మాటతో సరిపెడుతున్నారు. నేను దానితో ఏకీభవించను. మొదటి రెండు ప్రశ్నలకూ శాస్త్రం ఎప్పుడో జవాబు చెప్పింది, దాన్ని జనం దాకా చేర్చడంలోనే లోపం జరిగింది. మూడో ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది రోగి కాదు, మందులిచ్చే వ్యవస్థ. అది ఇప్పటికీ అరకొరగానే చెబుతోంది.

మంచం మీద ఇంత నమ్మకం ఊరికే పుట్టలేదు. మందులు లేని రోజుల్లో క్షయకు ఉన్న వైద్యమల్లా విశ్రాంతి, మంచి గాలి, గుడ్లు, పాలు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1912లో క్రైస్తవ మిషన్ల ఉమ్మడి సంస్థగా మొదలైంది. డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి పెద్ద డాక్టరు. దక్షిణాదిలో క్షయ వైద్యం నేర్చుకున్న డాక్టర్లు చాలామంది ఆ గుట్టల మధ్య పనిచేసినవారే. రాజమండ్రిలో లూథరన్ మిషన్ వారి విశ్రాంతిపురం, తెలంగాణలో వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల మీద ఇంకొకటి, గుంటూరువాళ్లకు దగ్గర్లో మంగళగిరి శానటోరియం. ఇవన్నీ ఊళ్లకు దూరంగా, మంచి గాలి తగిలే చోట కట్టినవే. రోగి అక్కడ నెలలూ సంవత్సరాలూ ఉండేవాడు. జబ్బు చేసిన ఊపిరితిత్తికి విశ్రాంతి పేరుతో ఛాతీలోకి గాలి ఎక్కించి దాన్ని ముడిచి ఉంచేవారు, మరీ ముదిరితే పక్కటెముకలు తీసేసేవారు. అంత బాధ పడ్డాక బతికి తిరిగొచ్చినవాడి మాటకు ఊళ్లో విలువ ఉంటుంది. అతని అనుభవం నుంచి జనం రెండు సంగతులు గ్రహించారు. ఈ జబ్బున్న మనిషిని దూరంగా ఉంచాలి, ఈ జబ్బుకు వైద్యమంటే పడక. శానటోరియాల కాలం ముగిసింది. మంగళగిరి శానటోరియం స్థలంలో ఇప్పుడు ఎయిమ్స్ ఉంది. ఆ రెండు నమ్మకాలు మాత్రం తాతల నుంచి మనవల దాకా వచ్చేశాయి. మన పాత సినిమాలు కూడా తమ వంతు చేశాయి. తెల్ల చేతిరుమాలు మీద నెత్తుటి మరక చూపించారంటే ఆ పాత్ర ఇక బతకదని ప్రేక్షకుడికి చెప్పక్కర్లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో లెక్క చూస్తే మంచాల దారిలో క్షయను ఎదుర్కోవడం అసాధ్యమని ఎవరికైనా అర్థమవుతుంది. 1955 నుంచి 1958 దాకా దేశమంతటా నమూనా సర్వే చేస్తే, ఇతరులకు అంటించగల స్థితిలో ఉన్న రోగులే దాదాపు 15 లక్షలని అంచనా తేలింది. మంచాలు వేలల్లో మాత్రమే ఉన్నాయి. అప్పటికి స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియజిడ్ వచ్చాయి. ఈ మందులను ఇంట్లో ఉండి మింగితే శానటోరియంలో ఉన్నంత గుణం కనిపిస్తుందా? ప్రపంచంలో ఈ ప్రశ్నకు పద్ధతిగా జవాబు వెతికిన చోటు మనకు పక్కనే ఉన్న మద్రాసు.

1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి అక్కడ ఒక పరిశోధన కేంద్రం పెట్టాయి. దానికి నాయకత్వం వహించినది వాలెస్ ఫాక్స్. మద్రాసు పేదవాడల నుంచి వచ్చిన దాదాపు రెండు వందలమంది రోగులను ఎంపికలో పక్షపాతం లేకుండా రెండు జట్లు చేశారు. ఒక జట్టును శానటోరియంలో చేర్చారు, రెండోదాన్ని ఇంటికి పంపారు. మందులు రెండు జట్లకూ ఒకటే, పాస్, ఐసోనియజిడ్, ఏడాదిపాటు. శానటోరియంలో ఉన్నవారికి మంచి తిండి, విశ్రాంతి, నర్సుల పర్యవేక్షణ దొరికాయి. ఇళ్లలో ఉన్నవారు ఇరుకు గదుల్లో బతికారు, చాలామంది పనికీ వెళ్లారు. ఏడాది తిరిగేసరికి క్రిములు కనబడని స్థితికి వచ్చినవారు శానటోరియం జట్టులో నూటికి 92 మంది, ఇంటి జట్టులో 86 మంది. ఫలితాలు 1959లో అచ్చయ్యాయి. ఆ కొద్ది తేడా పెద్దదిగా లెక్కించదగ్గది కాదని నిపుణులు తేల్చారు.

నా దృష్టిలో అంతకంటే విలువైనది, జనానికి ఎవరూ సరిగా చెప్పనిది, ఆ పరిశోధనలోని రెండో భాగం. రోగుల కుటుంబసభ్యులను అయిదేళ్లపాటు పరీక్షిస్తూ వచ్చారు. రోగిని ఇంట్లోనే ఉంచుకున్న కుటుంబాల్లో కొత్తగా జబ్బుపడినవాళ్లు, రోగిని శానటోరియానికి పంపిన కుటుంబాల్లో కంటే ఎక్కువేమీ లేరు. కారణం కష్టమైనదేమీ కాదు. వైద్యం మొదలయ్యే రోజుకే ఇంట్లోవాళ్లు నెలల తరబడి ఆ గాలి పీల్చి ఉంటారు. అంటవలసింది అప్పటికే అంటి ఉంటుంది. మందులు మొదలయ్యాక రోగి దగ్గులో క్రిముల బలం త్వరగా పడిపోతుంది. రెండు వారాలు మందు సక్రమంగా పడితే మామూలు క్షయ రోగి నుంచి ఇతరులకు అంటే అవకాశం చాలా తగ్గుతుందని డాక్టర్లు ఎన్నాళ్ల నుంచో చెబుతున్నారు. అమెరికా క్షయ నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చాలామంది రోగుల విషయంలో ఆ గడువును అయిదు రోజులకు కుదించారు.

నల్లపాడు ఇంట్లో జరిగేది దీనికి తలకిందులు. జబ్బు పేరు తెలియని మూడు నెలలూ అమ్మ పక్కనే బిడ్డ పడుకుంటుంది, ఒకే కంచంలో ముద్దలు కలిపి పెడుతుంది. పేరు తెలిసి, మందు మొదలై, ప్రమాదం తగ్గుతున్న రోజు నుంచి కంచం వేరు, గ్లాసు వేరు, పక్క వేరు. భయపడాల్సిన కాలంలో ఎవరికీ భయం లేదు, భయం తగ్గాల్సిన కాలంలో మనిషిని వెలివేస్తున్నారు. గిన్నెల వల్ల, బట్టల వల్ల, తాకడం వల్ల క్షయ రాదు. గాలి ఆడని గదిలో దగ్గు తుంపర్ల వల్లే వస్తుంది. వేసవిలో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే మన పాత అలవాటు ఈ జబ్బుకు మంచి అడ్డంకి. కిటికీ తెరవండి అని చెప్పాల్సిన చోట కంచం వేరు చేయండి అనే మాట ఎలా పాతుకుపోయిందో గానీ, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో క్షయ ఎలా వ్యాపిస్తుందని అడిగిన ప్రతిసారీ గిన్నెలు, తిండి పంచుకోవడం వల్ల అనే జవాబు వినబడుతూనే ఉంది. కుటుంబంలో ఎవరికైనా క్షయ వస్తే దాచిపెడతారా అని కూడా ఆ సర్వే అడుగుతుంది. జబ్బు నయమవుతుందని తెలిసినవాళ్లలోనూ దాస్తామనేవాళ్లు ఉన్నారు. నయమవుతుందన్న నమ్మకం వేరు, నలుగురిలో చెప్పుకునే ధైర్యం వేరు.

అవగాహన లేదు అనే మాటను మొట్టమొదట పరీక్షకు పెట్టింది కూడా మన పొరుగునే. బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ 1959లో ఏర్పడింది. అక్కడ పనిచేసిన సామాజిక శాస్త్ర పరిశోధకుడు దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ కలిసి తుమకూరు జిల్లా పల్లెల్లో క్షయ ఉన్నవారిని వెతికి మాట్లాడారు. పల్లెటూరివాళ్లకు తమ ఒంట్లో జబ్బుందనే తెలియదు, వెతికి పట్టుకురావాలి అన్నది అప్పటి పెద్దల అభిప్రాయం. 1963లో అచ్చయిన ఆ అధ్యయనం దాన్ని తోసిపుచ్చింది. రోగుల్లో దాదాపు అందరికీ తమ లక్షణాలు తెలుసు. సగానికి పైగా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కారు. అక్కడ కళ్లె పరీక్ష చేసినవారు లేరు, దగ్గు మందు సీసా చేతికిచ్చి పంపారు. అరవై ఏళ్ల తర్వాత కూడా నల్లపాడు కూలీకి ఆ సీసాయే మొదట దొరుకుతోందంటే తప్పు ఎవరిదని అడగాలి. రోగి వచ్చాడు. ఆయనకు సరైన పరీక్ష అందలేదు.

మద్రాసు, బెంగళూరుల్లో జరిగిన ఈ పరిశోధనల మీదే 1962లో జాతీయ క్షయ కార్యక్రమం రూపుదిద్దుకుంది. దానికి ముందు నమూనాగా పరీక్షించిన జిల్లా మన అనంతపురం. ప్రత్యేక ఆసుపత్రులు కాకుండా మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే కళ్లె పరీక్ష చేసి, అక్కడే మందులిచ్చి ఇంటికి పంపాలన్నది ఆ ఆలోచన. జనం దగ్గరికి వైద్యం వెళ్లాలన్న గొప్ప ఆలోచనే అది. కానీ తర్వాతి ముప్పై ఏళ్లు మందుల కొరత, సిబ్బంది కొరత, పట్టించుకోని అధికారులతో కార్యక్రమం నీరసించిపోయింది. నెల మందు కోసం వచ్చిన రోగికి స్టాకు లేదని చెప్పి పంపిన రోజులవి. ప్రభుత్వ మాత్రలు పనిచేయవు, ప్రైవేటు మందులే మేలు అనే అభిప్రాయం ఈ ప్రాంతంలో బలపడింది అప్పుడే. అనుభవంలోంచి పుట్టిన అభిప్రాయాన్ని పోస్టర్లు పోగొట్టలేవు, ఇంకో అనుభవమే పోగొట్టగలదు.

మద్రాసు పరిశోధన ఇంకో చేదు నిజాన్నీ బయటపెట్టింది. ఇంటికిచ్చిన మందులను అందరూ మింగరు. పరిశోధకులు చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కపెట్టారు, మూత్రంలో మందు జాడ చూశారు. ఒళ్లు బాగుపడగానే మానేసేవాళ్లు ఎక్కువ. దీనికి విరుగుడుగానే కళ్ల ముందు మింగించాలన్న ఆలోచన వచ్చింది, అదే 1997 నుంచి దేశమంతటా విస్తరించి 2006 నాటికి ప్రతి జిల్లాకూ చేరిన డాట్స్. హైదరాబాదులో మహావీర్ ఆసుపత్రి 1995లోనే ప్రైవేటు డాక్టర్లను కలుపుకుని ఈ పద్ధతిని మొదలుపెట్టి, దేశానికి ఒక నమూనా చూపింది.

డాట్స్ లక్షల ప్రాణాలు కాపాడిందనడంలో నాకు సందేహం లేదు. అయినా దానివల్ల ఇంటి వైద్యం మీద జనానికి ఒక కొత్త అయిష్టం పుట్టిందని కూడా చెప్పాలి. వారానికి మూడుసార్లు కేంద్రానికి వెళ్లి, ఒకరి ముందు నిలబడి, గుప్పెడు మాత్రలు మింగాల్సి వచ్చేది. అంగన్‌వాడీలో, కిళ్లీ కొట్టులో, ఆశా కార్యకర్త ఇంట్లో. మిరపకోతకు తెల్లవారక ముందే ఆటో ఎక్కే మనిషి పదింటికి తెరిచే కేంద్రానికి ఎలా వస్తుంది? వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. ముఠామేస్త్రి ఒకటి రెండుసార్లు ఊరుకుంటాడు, మూడోసారి వేరే మనిషిని పెట్టుకుంటాడు. మందు ఉచితమే, కానీ దాన్ని తెచ్చుకోవడం ఉచితం కాదు. అన్నిటికీ మించి, పెద్ద వీధిలో ఆ మెట్లు ఎక్కిన ప్రతిసారీ పదిమంది కళ్లు పడతాయి. మాత్రలు మానేసినవారిని అప్పట్లో "మొండివాళ్లు" అని రిజిస్టర్లు చూసేవారు అంటుంటే విన్నాను. వాళ్లలో ఎందరు మొండితనం వల్ల మానారో, ఎందరు కూలి వల్ల, సిగ్గు వల్ల మానారో ఎవరూ అడగలేదు.

2017లో రోజువారీ మోతాదు వచ్చింది. నాలుగు మందులను కలిపిన మాత్రలు, బరువును బట్టి రోజుకు ఇన్ని అని. తర్వాత 2020లో కరోనా లాక్‌డౌన్ మూలంగా ఒకేసారి నెలకు సరిపడా మందులు ఇళ్లకు చేర్చారు. అవసరం కొద్దీ చేసిన ఆ ఏర్పాటు చాలామంది రోగులు ఏళ్ల తరబడి కోరుకున్నదే. మాస్కు సంగతీ అంతే. అంతకుముందు వీధిలో మాస్కు పెట్టుకుని నడిచే మనిషిని చూస్తే టి.బి. అని పక్కకు తప్పుకునేవారు. కరోనా తర్వాత మాస్కు ఎవరి మీదా ముద్ర వేయడం లేదు. మిర్చి షెడ్లలో ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం ఆడవాళ్లకు ఎలాగూ అలవాటే.

దాపరికం మగవాడికి కూలి సమస్య, ఆడదానికి కాపురం సమస్య. 1990ల చివర మద్రాసు పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం క్షయ కారణంగా ఏటా దేశంలో లక్షమందికి పైగా స్త్రీలను కుటుంబాలు వదిలేస్తున్నాయి, లక్షల్లో పిల్లలు బడి మానేస్తున్నారు. మన దగ్గర వదిలేయడానికి ఒక మర్యాదైన రూపం ఉంది. "నాలుగు నెలలు అమ్మగారింట్లో ఉండి ఒళ్లు బాగుచేసుకుని రా" అంటారు. పుట్టింట్లో అమ్మ చూసుకుంటుంది నిజమే, కానీ మందులు ఒక ఊళ్లో, మనిషి ఇంకో ఊళ్లో. మధ్యలో రెండు వారాలు మాత్రలు తెగిపోతాయి. కొందరు అక్కడి నుంచి తిరిగి రారు. పెళ్లికాని పిల్లకైతే మరీ కష్టం. గుంటూరులో పేరు రాయిస్తే ఎవరికైనా తెలుస్తుందేమోనని విజయవాడ వెళ్లి ప్రైవేటులో చూపించుకుంటారు, ఫోను నంబరు వేరేవాళ్లది ఇస్తారు. ఆరు నెలలు ప్రతి నెలా అంత దూరం వెళ్లడం ఏ కొద్దిమందికో సాధ్యం. అందుకే ఆ పిల్ల మూడో నెలలో మందు ఆపేస్తుంది. పైకి బాగానే ఉంటుంది. మందులకు లొంగని మొండి క్షయ పుట్టే దారుల్లో ఇదొకటి.

ఇంకో ముద్ర కూడా ఈ ప్రాంతంలో తోడైంది. 2000 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. జాతీయ రహదారి మీద ఉన్న గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ భయం బాగా పాకింది. హెచ్ఐవీ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఎక్కువ కాబట్టి ప్రతి క్షయ రోగికీ ఆ పరీక్ష చేస్తారు. అది వైద్యంగా అవసరం. కానీ ఇంటిదాకా వచ్చిన సిబ్బంది నోట ఆ మాట పొరపాటున పక్కింటివారి చెవిన పడితే, ఆ కుటుంబం ఆ వీధిలో తలెత్తుకు తిరగలేదు. ఇంటి వైద్యంలో ఇల్లే ఆసుపత్రి వార్డు. వార్డులో పాటించే గోప్యతను వీధిలో కూడా పాటించాలన్న శిక్షణ ఆశా కార్యకర్తకు ఏ మేరకు అందుతోందో నాకు అనుమానమే.

తిండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ శాస్త్రం కూడా తన మాట సవరించుకుంది. మద్రాసు పరిశోధనలో శానటోరియం రోగులు బాగా తిన్నారు, బరువు కూడా ఎక్కువ పెరిగారు. అయినా వ్యాధి తగ్గడంలో పెద్ద తేడా రాలేదు. దీన్నుంచి మందు ముఖ్యం, తిండి ముఖ్యం కాదు అనే పాఠం తీశారు, దశాబ్దాలపాటు క్షయ కార్యక్రమం తిండి ఊసెత్తలేదు. ఊళ్లలో మాత్రం పెద్దలు "మందుకు తగ్గ తిండి ఉండాలమ్మా" అంటూనే ఉన్నారు. 2023లో జార్ఖండ్ నుంచి వచ్చిన రేషన్స్ అధ్యయనం వాళ్ల మాటనే బలపరిచింది. 2,800 మంది రోగులకు నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, విటమిన్లు ఇచ్చారు. మొదటి రెండు నెలల్లో బరువు నూటికి 5 వంతులు పెరిగినవారిలో చనిపోయే ముప్పు 61 శాతం తగ్గింది. ఇంట్లోవాళ్లకూ తిండి సాయం చేసిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. అంటువ్యాధికి అన్నం కూడా టీకాయేనని ఇంత స్పష్టంగా చూపిన పరిశోధన మరొకటి లేదు.

ఈ విషయంలో జనం నమ్మకం సగం మేలు చేస్తుంది, సగం కీడు చేస్తుంది. తిండి కావాలన్నది మంచి మాట. పథ్యం మాత్రం ప్రమాదం. ఈ మాత్రలు వేడి చేస్తాయి కాబట్టి గుడ్డు వద్దు, కోడి వద్దు, వేరుశనగ వద్దు, మజ్జిగన్నం తిను అంటారు. అసలే చిక్కి సగమైన మనిషికి మాంసకృత్తులు ఇచ్చేవన్నీ కంచంలోంచి తీసేస్తారు. క్షయ మందులకు అలాంటి పథ్యమేమీ లేదు, మద్యం ఒక్కటే మానాలి. ఈ సంగతి మందు చీటీ మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి ఇవ్వడానికి ఖర్చేమీ కాదు. అలాగే రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని మొదటిరోజే చెప్పాలి. చెప్పకపోతే రక్తం పోతోందని హడలిపోయి రెండోరోజే మానేస్తారు. కళ్లు పచ్చబడితే, చూపు మసకబారితే, వాంతులు ఆగకపోతే వెంటనే రావాలని కూడా అప్పుడే చెప్పాలి.

ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుంచి రోగి ఖాతాలో పోషణకు నెలకు 500 రూపాయలు వేస్తూ వచ్చింది, 2024 నవంబరులో దాన్ని 1000 చేశారు. మంచి పనే. కానీ ఆ డబ్బు ఎప్పుడు పడుతుందన్నదే అసలు ప్రశ్న. బ్యాంకు ఖాతా, ఆధార్ లంకె కుదిరేసరికి నెలలు గడిస్తే, చావు ముప్పు ఎక్కువగా ఉండే మొదటి రెండు నెలలూ ఆ సాయం లేకుండానే పోతాయి. అందుకే డబ్బుకంటే మొదటిరోజే చేతికిచ్చే పప్పు, గుడ్లు, నూనె మేలని నా అభిప్రాయం.

వలసల గురించి చెప్పకుండా గుంటూరు, ప్రకాశం మైదానాల్లో క్షయ గురించి మాట్లాడలేం. పత్తితీతకు, మిరపకోతకు ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఇక్కడికి తరలివస్తాయి. పొలం గట్టున పట్టాలు కప్పుకుని వారాల తరబడి ఉంటాయి. అలాంటి కుటుంబంలో ఒకరు క్షయకు మందు వాడుతుంటే ఆ మందు ఏ ఊరి లెక్కలోది? 2012లో వచ్చిన నిక్షయ్ అనే కంప్యూటర్ నమోదు వల్ల ఇప్పుడు రోగి వివరాలు ఎక్కడైనా చూడవచ్చు, ఏ ఆరోగ్య కేంద్రంలోనైనా మందు ఇవ్వవచ్చు. కాగితం మీద సమస్య తీరింది. మనిషికి మాత్రం తన నంబరు తెలియదు, ఏ గుమ్మం తట్టాలో తెలియదు. వలసకూలీలే కాక మార్కాపురం పలకల పనివాళ్లు, చీమకుర్తి గ్రానైటు పనివాళ్లు కూడా ఉన్నారు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వస్తే క్షయ వచ్చే ముప్పు చాలా పెరుగుతుంది. వాళ్లకు నయమయ్యాక తిరిగి అదే దుమ్ములోకి పంపితే ఇంటి వైద్యం ఎంత బాగా జరిగినా ఉపయోగం అంతంతే.

అంటే ఎవరినీ ఆసుపత్రిలో చేర్చవద్దని కాదు. బాగా నీరసించి లేవలేని స్థితిలో ఉన్నవారు, ఆయాసం ఎక్కువైనవారు, రక్తం బాగా పడుతున్నవారు, మెదడుకు క్షయ సోకినవారు, మందులవల్ల కామెర్లు వచ్చినవారు, వీళ్లకు మంచం కావాల్సిందే. ఇంటి వైద్యమే సిద్ధాంతమనే పేరుతో వీళ్లను కూడా మాత్రలిచ్చి తిప్పి పంపితే, "ఇంత పెద్ద జబ్బుకి మంచం ఇవ్వరా" అన్న బంధువుల ప్రశ్న న్యాయమైనదే అవుతుంది. నిజానికి ఇంటి వైద్యం మీద నమ్మకం నిలబడాలంటే, అవసరమైనప్పుడు మంచం దొరుకుతుందన్న ధైర్యం ముందు ఉండాలి.

2025 నాటికి క్షయను అంతం చేస్తామని దేశం పెట్టుకున్న గడువు దాటిపోయింది. లక్షమందికి 2015లో 237గా ఉన్న కొత్త కేసులు 2024లో 187కు తగ్గాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తగ్గుదల నిజమే, అంతం మాత్రం దూరంలో ఉంది. ఇప్పుడు జరుగుతున్న కొత్త ప్రయత్నం రోగి ఇంట్లోని ఆరోగ్యవంతులకు కూడా ముందుజాగ్రత్త మందు ఇవ్వడం, ఐసోనియజిడ్ ఆరు నెలలు లేదా వారానికొకసారి చొప్పున పన్నెండు మోతాదులు. క్రిమి సోకినవారిలో నూటికి అయిదు నుంచి పదిమందికి జీవితంలో ఎప్పుడో జబ్బు బయటపడుతుంది, ఆ మందు దాన్ని చాలావరకు ఆపుతుంది. "జబ్బు లేనివాడికి మందెందుకు?" అన్న ప్రశ్న అప్పుడే మొదలైంది. రోగి తన జబ్బును అత్తగారి దగ్గర, తోడికోడలి దగ్గర దాచుకున్న ఇంట్లో ఈ మాటే ఎత్తలేం.

నల్లపాడు 2012 నుంచి గుంటూరు నగరపాలక సంస్థలో భాగం. పట్టణ ఆరోగ్య కేంద్రం పద్ధతిలో ఇక్కడ చేయగలిగిన పనులు కళ్లెదుటే ఉన్నాయి. షుగరు ఉన్నవారికి క్షయ ముప్పు రెండు మూడింతలు, క్షయ ఉన్న ప్రతివారికీ షుగరు పరీక్ష ఎలాగూ చేస్తారు. కాబట్టి క్షయ మందులకు వేరే గది, వేరే రోజు, వేరే రిజిస్టరు పెట్టకుండా, బీపీ, షుగరు మందులిచ్చే కిటికీలోనే అదే సంచిలో ఇవ్వవచ్చు. సీజన్లో ఆ కిటికీ సాయంత్రం ఆరు తర్వాత కూడా తెరిచి ఉంచితే కూలి పోకుండా వచ్చేవాళ్లు వస్తారు. యార్డు దగ్గర, కోల్డ్ స్టోరేజీల దగ్గర, తొడిమల షెడ్ల దగ్గర రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె డబ్బీ ఇచ్చి మర్నాడు తీసుకుంటే పరీక్షకు ఎవరూ పని మానుకోనక్కర్లేదు. ఆర్ఎంపీలను తిట్టడం మాని, అనుమానం వచ్చిన కేసును పంపినందుకు వాళ్లకు గౌరవం ఇస్తే ఆ మొదటి దగ్గుమందు సీసా దగ్గరే మూడు నెలలు కలిసొస్తాయి. ఇంటికి వెళ్లే ఏఎన్ఎం ఇంటింటికీ బీపీ చూస్తూ ఆ వరసలోనే ఆ ఇంటికీ వెళితే, ఎందుకు వచ్చిందని పక్కింటివాళ్లు అడగరు.